ఇంటి ఆవరణలో క్యారవాన్‌కు కరెంటు కనెక్షన్: రాయలసీమ నేలల్లో ఎర్తింగ్ నుంచి మొదలుపెట్టాల్సిన పని

క్యారవాన్ కొన్నవారిలో చాలామంది దాన్ని ఇంటి ఆవరణలో నిలిపినప్పుడు కరెంటు ఇవ్వడాన్ని ఒక పొడవాటి వైరుతో అయ్యే పనిగానే చూస్తారు. వరండాలోని 16 ఆంపియర్ల సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి బండికి తగిలిస్తే లైట్లు వెలుగుతాయి, ఫ్రిజ్ చల్లబడుతుంది, ఏసీ కూడా తిరుగుతుంది కాబట్టి పని పూర్తయినట్టే కనిపిస్తుంది. అయితే కరెంటు బండిలోకి చేరడం ఈ పనిలో సులువైన సగం మాత్రమే. బండిలో ఎక్కడైనా లోపం ఏర్పడితే ఆ కరెంటు మనిషి గుండా పోకుండా నేలలోకి పోవాలి, పోయిన క్షణంలోనే సరఫరా ఆగిపోవాలి. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నేలల్లో కష్టపడాల్సిన సగం ఇదే.

క్యారవాన్ ఇంటిలాంటిది కాదు. దాని ఒళ్లంతా ఇనుము, అల్యూమినియం. నిలబడేది రబ్బరు టైర్ల మీద. లోపల గీజర్ ఎలిమెంట్ పగిలినా, వైరు తొడుగు ఒరుసుకుపోయి చాసిస్‌కు తాకినా, ఎర్తు వైరు సరిగా లేకపోతే బండి మొత్తం 230 వోల్టులకు చేరి అలాగే ఉండిపోతుంది. టైర్లు నేలతో సంబంధం లేకుండా చేస్తాయి కాబట్టి ఏ ఫ్యూజూ పోదు, ఏ స్విచ్చూ పడదు. లోపల కూర్చున్నవారికి ఏమీ తెలియదు. ప్రమాదమంతా కింద నిలబడి పైకి ఎక్కబోయే మనిషికే. మన ఇళ్లలో చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లడం అలవాటు. క్యారవాన్ ఎక్కేటప్పుడు కూడా మెట్టు దగ్గర చెప్పులు విడిచి, నీళ్లు చల్లిన బండల మీద వట్టికాళ్లతో నిలబడి, తలుపు పిడి పట్టుకుంటాం. కరెంటుకు అంతకంటే సులువైన దారి దొరకదు. కింద చెప్పే ప్రతి ఏర్పాటూ ఆ ఒక్క క్షణాన్ని దృష్టిలో పెట్టుకుని చేయాల్సినదే.

ఈ పనిని ఎవరికివారు చేసుకోకూడదు. విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం వైరింగ్ పనిని లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేత చేయించాలి. ఇక్కడ రాస్తున్నది యజమాని ఏం అడగాలో, ఏ పని జరుగుతుండగా దగ్గరుండి చూడాలో, ఏ చోట రాజీపడకూడదో తెలుసుకోవడానికి.

ముందు లోడు లెక్క

16 ఆంపియర్ల కనెక్షన్ గరిష్ఠంగా 3,680 వాట్లు ఇస్తుంది. మధ్యస్థంగా ఉండే క్యారవాన్‌లో ఒక టన్ను ఏసీ సుమారు 1,000 నుంచి 1,200 వాట్లు, బ్యాటరీ చార్జర్ 500 వాట్లలోపు, ఫ్రిజ్ 150 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటాయి. ఇవన్నీ కలిసి నడిచినా 2,000 వాట్లు దాటవు. దీనికి 2,000 వాట్ల గీజర్ లేదా ఇండక్షన్ పొయ్యి తోడైతే పరిమితి మించుతుంది. ఏసీ నడుస్తున్నప్పుడు గీజర్ వేయకూడదని ఇంట్లో అందరికీ చెప్పగలిగితే 16 ఆంపియర్లు చాలు. రెండు ఏసీలున్న పెద్ద బండికి మాత్రమే 32 ఆంపియర్ల ఏర్పాటు అవసరమవుతుంది. అప్పుడు కేబుల్, సాకెట్, స్విచ్‌గేర్ అన్నీ ఆ మేరకు మారాలి. బండి వెనుక సాకెట్ 16 ఆంపియర్లదే అయినప్పుడు ఇంటి దగ్గర 32 ఆంపియర్ల రక్షణ పెట్టడం ఏమాత్రం సరికాదు. వైరు కాలిపోతున్నా స్విచ్ పడదు.

తరువాత కరెంటు బిల్లు తీసి, అందులో కాంట్రాక్టెడ్ లోడు, అంటే ఇంటికి మంజూరైన లోడు, ఎంత ఉందో చూడండి. పాత ఇళ్లలో అది ఒకటి రెండు కిలోవాట్లే ఉండిపోయి, ఆ తరువాత ఇంట్లో చేరిన ఏసీలు, మోటార్లు లెక్కలోకి రాకుండా ఉంటాయి. ఈ ప్రాంతానికి సరఫరా చేసే ఏపీఎస్‌పీడీసీఎల్‌కు అదనపు లోడు కోసం దరఖాస్తు చేసి, చార్జీలు చెల్లించి, లోడు పెంచుకున్న తరువాతే పని మొదలుపెట్టాలి. మే నెల మధ్యాహ్నం ఇంటి ఏసీ, క్యారవాన్ ఏసీ, బోరు మోటారు మూడూ ఒకేసారి నడిస్తే సర్వీసు వైరు, మీటరు దగ్గరి కట్-అవుట్ తట్టుకోగలవా అన్నది కూడా ఆ సందర్భంలోనే చూపించుకోవచ్చు.

ఊరి బయట తోటలో బండి నిలిపేవారికి ఒక మాట. వ్యవసాయ మోటారు స్టార్టర్ నుంచి వైరు లాగి క్యారవాన్‌కు ఇవ్వకూడదు. ఒక అవసరానికి ఇచ్చిన కనెక్షన్‌ను మరో అవసరానికి వాడటం 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద అనధికార వినియోగం అవుతుంది. భద్రత దృష్టితో చూసినా అది చెడ్డ చోటు. స్టార్టర్ పెట్టెలో మూడు ఫేజులూ పక్కపక్కనే ఉంటాయి, పొరపాటున రెండు ఫేజుల మధ్య కలిపితే 400 వోల్టులకు పైగా బండిలోకి వెళ్లి చార్జర్, ఫ్రిజ్, ఏసీ బోర్డులన్నీ ఒక్కసారే పోతాయి.

కనెక్షన్ ఎక్కడి నుంచి తీసుకోవాలి

మీటరు దాటి, మెయిన్ స్విచ్ దాటి, డిస్ట్రిబ్యూషన్ బోర్డులో క్యారవాన్ కోసమే ఒక ప్రత్యేక దారి ఉండాలి. వరండా సాకెట్ నుంచో, వాషింగ్ మెషీన్ పాయింట్ నుంచో తీసుకుంటే ఆ లైను మీద అప్పటికే ఉన్న లోడుకు ఇది అదనమవుతుంది. ఇంటి ఇన్వర్టర్ లైను మీద అసలే వేయకూడదు. బోర్డులో ఖాళీ లేకపోతే పక్కన చిన్న బోర్డు పెట్టించాలే గానీ ఒకే ఎంసీబీ (కరెంటు పరిమితి మించితే తానే పడిపోయే స్విచ్) కింద రెండు వైర్లు దూర్చనివ్వకూడదు. ఇంటికి త్రీఫేజు సర్వీసు ఉంటే, తక్కువ లోడున్న ఫేజు ఏదో క్లాంప్ మీటరుతో సాయంత్రం ఏడు ఎనిమిది గంటల మధ్య కొలిపించి, ఆ ఒక్క ఫేజు మీదే క్యారవాన్ లైను వేయించండి.

బోర్డు దగ్గర సి రకం ఎంసీబీ, బండి దగ్గరి పెట్టెలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ అన్నది నేను సిఫారసు చేసే అమరిక. ఆర్‌సీబీఓ అంటే లోడు మించినప్పుడే కాక, కరెంటు కొద్దిగా నేలలోకి లీకైనా పడిపోయే స్విచ్. అది రెండు ధ్రువాలదై ఉండాలి. అంటే పడినప్పుడు ఫేజునూ న్యూట్రల్‌నూ రెంటినీ తెంచాలి. దుకాణంలో ఏ రకం కావాలని అడిగితే ఏ-టైప్ అని చెప్పండి. ఇన్వర్టర్ ఏసీలు, బ్యాటరీ చార్జర్ల నుంచి వచ్చే లీకేజీ కరెంటు మామూలు తరంగరూపంలో ఉండదు. పాత ఏసీ-టైప్ పరికరం దాన్ని సరిగా గుర్తించలేదు. ఇక్కడి ‘ఏసీ-టైప్’కు ఎయిర్ కండిషనర్‌తో ఏ సంబంధమూ లేదు. కొనే పరికరం మీద ఐఎస్ 12640 అనే భారత ప్రమాణం గుర్తు ఉందో లేదో చూసుకోండి.

కేబుల్

బోర్డు నుంచి బండి నిలిచే చోటు వరకు శాశ్వతంగా వేసే కేబుల్ ఆర్మర్డ్ కేబుల్ అయి ఉండాలి. అంటే లోపలి తొడుగు మీద ఇనుప తీగల కవచం ఉన్నది. ఎలుకలు కొరకకుండా, పార తగిలినా తెగకుండా అది కాపాడుతుంది. మూడు కోర్ల రాగి కేబుల్ కావాలని స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే అడగకపోతే అల్యూమినియం చేతికి వస్తుంది. అల్యూమినియం చెడ్డదని కాదు. చిన్న టెర్మినళ్లలో స్క్రూ కింద అది నలిగి, ఎండకు సాగి, వదులై, వేడెక్కుతుంది.

మందం దగ్గర చాలామంది పొదుపు చేస్తారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 16 ఆంపియర్లను మోస్తుంది, కానీ దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. 30 మీటర్ల దూరానికి పూర్తి లోడు మీద 2.5 తీగలో సుమారు 8.6 వోల్టులు, 4 తీగలో 5.3 వోల్టులు, 6 తీగలో 3.5 వోల్టులు పడతాయి. దీనికి తోడు బండికి తగిలించే 25 మీటర్ల ఫ్లెక్సిబుల్ కేబుల్‌లో మరో ఏడు వోల్టులు పోతాయి. వేసవి సాయంత్రాలలో ఇంటికే 200 వోల్టులు వచ్చే వీధుల్లో, 2.5 తీగ వేస్తే బండికి 185 వోల్టుల దగ్గర చేరుతుంది, ఏసీ కంప్రెసర్ మొదలవడానికి ఇబ్బంది పడుతుంది. అందువల్ల 15 మీటర్లు దాటితే 4, ముప్పై దాటితే 6 వేయించడం మంచిది. ఆ తేడా డబ్బు ఒక కంప్రెసర్ ధర ముందు ఎంతో చిన్నది.

ప్రమాణాల ప్రకారం ఈ కేబుల్‌ను 750 మిల్లీమీటర్ల లోతున పాతాలి. గుంతలో ముందు ఇసుక పరచి, దాని మీద కేబుల్ వేసి, మళ్లీ ఇసుక కప్పి, దాని మీద ఇటుకలు లేదా బండ ముక్కలు వరుసగా పేర్చి మట్టి పోయాలి. రేపెవరైనా అక్కడ గునపం వేస్తే ముందు బండ తగలాలి, కేబుల్ తగలకూడదు. కడప బండలు, బేతంచెర్ల బండలు పరిచిన ఆవరణలలో బండ లేపి పనిచేయడానికి ఇష్టపడక, కొందరు కేబుల్‌ను బండల సందులో పైపైన దూర్చి సిమెంటు పూసేస్తారు. క్యారవాన్ నాలుగైదు టన్నుల బరువుతో ఆ బండ మీదికి ఎక్కినప్పుడు బండ పగిలి అంచు కేబుల్ మీద కత్తిలా దిగుతుంది. చక్రాలు నడిచే దారి కింద తప్పనిసరైతే మందపాటి ఇనుప గొట్టంలో నుంచి కేబుల్ తీయించండి. కింద మొత్తం రాతిపలక ఉండి లోతు తవ్వడం సాధ్యం కాకపోతే నేలలో పాతే ఆలోచన మాని, ప్రహరీ గోడ వెంట క్లాంపులతో బిగించడమే మేలు.

కవచాన్ని రెండు చివరలా ఇత్తడి గ్లాండులతో (కేబుల్ చివరను పెట్టెకు పట్టి ఉంచే బిగింపులతో) బిగించి ఎర్తుకు కలపాలి. ఈ ఒక్క పని దగ్గరుండి చూడండి. గ్లాండు లేకుండా కవచం తీగలను కత్తిరించి వదిలేయడం తరచు జరుగుతుంది.

ఎర్తింగ్: రాయలసీమలో అసలు చిక్కు

ఎర్తు ఎంత బాగుంటుందన్నది నేలలోని తేమ మీద ఆధారపడుతుంది. అనంతపురంలో సంవత్సరానికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం కొద్ది వారాలలో పడిపోతుంది. మిగిలిన కాలమంతా ఎర్ర గరుసు నేల పైనుంచి రెండు మూడు మీటర్ల వరకు ఎండే ఉంటుంది. కర్నూలు వైపు, తాడిపత్రి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాలలో నల్లరేగడి వేరే రకంగా ఇబ్బంది పెడుతుంది. వానకాలంలో అది ఎర్తుకు ఎంతో అనుకూలమైన నేల. ఏప్రిల్ నాటికి అదే నేల కుంచించుకుపోయి బీటలిస్తుంది. అప్పుడు ఎర్తు గుంత మూత తీసి చూస్తే గొట్టం చుట్టూ మట్టి వెనక్కి జరిగి చూపుడు వేలు దూరేంత సందు కనిపిస్తుంది. గొట్టం ఉంది, వైరు ఉంది, బోల్టు బిగుతుగానే ఉంది, కానీ నేలతో ఆనిక పోయింది. ఏసీ ఎక్కువగా వాడేదీ, బండి ఎక్కువగా కనెక్షన్ మీద ఉండేదీ సరిగ్గా ఆ నెలల్లోనే.

దీని పర్యవసానం ఒక చిన్న లెక్కతో అర్థమవుతుంది. ఎర్తు నిరోధం 10 ఓములు ఉందనుకుందాం; మన వేసవి నేలల్లో ఇది అరుదైన సంఖ్య ఏమీ కాదు. ఫేజు బండి ఒంటికి తాకితే నేలలోకి పోయే కరెంటు 230ని 10తో భాగిస్తే వచ్చే 23 ఆంపియర్లను మించదు. 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ తక్షణం పడాలంటే దాని విలువకు అయిదు నుంచి పది రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 23 ఆంపియర్లకు అది గంటసేపైనా పడకుండా ఉండవచ్చు. ఆ గంటసేపూ బండి ఒళ్లంతా ప్రమాదకరమైన వోల్టేజీతో నిలిచే ఉంటుంది. ‘ఎంసీబీ ఉంది కదా’ అన్న ధైర్యం ఇక్కడ ఎందుకూ పనికిరాదు. అదే లోపానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ సెకనులో చిన్న భాగంలో పడిపోతుంది. ఎర్తు వంద ఓములకు చేరినా అది పడగలదు. అందుకే ఈ ప్రాంతంలో ఆర్‌సీబీఓ లేకుండా క్యారవాన్ కనెక్షన్ ఇవ్వకూడదంటాను.

అలాగని ఆర్‌సీబీఓ ఉంటే ఎర్తు అక్కర్లేదనుకోవడం కూడా తప్పే. ఎర్తు వైరు తెగిపోతే ఆర్‌సీబీఓకు లోపం తెలిసేది మనిషి తాకి కరెంటు అతని గుండా పోయినప్పుడే. అది వెంటనే తెంచుతుంది, కానీ దెబ్బ తగిలిన తరువాతే తెంచుతుంది. ఎర్తు సరిగా ఉంటే, లోపం ఏర్పడిన క్షణంలోనే, ఎవరూ తాకకముందే అది పడిపోతుంది.

కాబట్టి ఇంటి ఎర్తుతో సరిపెట్టుకోకుండా బండి నిలిచే చోటు దగ్గర మరో ఎర్తు గుంత వేయించి, దాన్ని ఇంటి ఎర్తుతో రాగి తీగ లేదా జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) పట్టీ ద్వారా కలపాలి. రెండింటినీ విడివిడిగా వదిలేస్తే, ఇంటి ఎర్తుకూ బండి ఎర్తుకూ మధ్య తేడా వోల్టేజీ ఏర్పడే అవకాశం ఉంది. ఎర్తింగ్‌కు సంబంధించిన ఐఎస్ 3043 ప్రమాణం ప్రకారం గొట్టం కనీసం రెండున్నర మీటర్ల పొడవు ఉండాలి, గోడ పునాదికి మీటరున్నర దూరంలో ఉండాలి. 40 మిల్లీమీటర్ల వ్యాసం గల జీఐ గొట్టం, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు, పైన నీళ్లు పోయడానికి గరాటు, మూతతో చిన్న సిమెంటు పెట్టె. ఇది అందరికీ తెలిసిన పద్ధతి. ఉప్పు వేస్తే నిరోధం తగ్గుతుంది కానీ గొట్టాన్ని కూడా అదే తింటుంది. అందువల్ల మూడు నాలుగేళ్లకొకసారి మట్టి తోడి గొట్టం పైభాగాన్ని చూపించుకోవాలి. ఉప్పు బదులు బెంటొనైట్ మట్టి నింపితే తేమ ఎక్కువకాలం నిలుస్తుంది, గొట్టం కూడా త్వరగా పాడుకాదు.

మీటరు లోతుకే రాయి తగిలే చోట్ల గొట్టాన్ని సగానికి కోసి పాతడం కనిపిస్తూ ఉంటుంది. దానికి అంగీకరించవద్దు. అలాంటి చోట అదే ప్రమాణం మరో దారి ఇస్తోంది. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న జీఐ పట్టీని అర మీటరు కంటే తక్కువ కాని లోతులో, కనీసం 15 మీటర్ల పొడవున అడ్డంగా పాతవచ్చు. ప్రహరీ గోడ వెంట, మొక్కలకు నీళ్లు పెట్టే పాదుల కిందుగా ఈ పట్టీ వెళ్లేలా చూసుకుంటే, రోజూ మొక్కలకు పోసే నీరే ఎర్తును కూడా తడుపుతుంది. రాతినేలలో నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇది.

ఎర్తు దొరకని చోట కొందరు సాకెట్‌లోనే న్యూట్రల్ నుంచి చిన్న వైరు ముక్క తీసి ఎర్తు పిన్నుకు కలిపేస్తారు. టెస్టు చేస్తే అన్నీ సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. స్తంభం దగ్గరో, మీటరు దగ్గరో న్యూట్రల్ ఒక్కసారి ఊడితే, వెలుగుతున్న ఒక్క బల్బు గుండా ఫేజు వచ్చి బండి ఒళ్లంతా ఎక్కుతుంది. ఎవరు ఏ కారణం చెప్పినా ఈ పని చేయనివ్వకండి.

సాకెట్, పెట్టె

మామూలు మూడు పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్ ఇంటిలోపలి వాడకానికి తయారైనది. ఆరుబయట దుమ్ములో, ఎండలో, గంటల తరబడి పూర్తి లోడు మీద అది నిలవదు. పిన్నుల దగ్గర గోధుమరంగు మచ్చ, ఆ తరువాత కాలిన వాసన, చివరకు ప్లగ్ సాకెట్‌లో కరిగి అతుక్కుపోవడం వరుసగా జరుగుతాయి. క్యారవాన్‌లకు ప్రపంచమంతటా వాడేది ఐఈసీ 60309 ప్రమాణపు నీలిరంగు గుండ్రని సాకెట్. మన దుకాణాలలో ఇండస్ట్రియల్ సాకెట్ అని అడిగితే ఇస్తారు. 230 వోల్టుల మూడు పిన్నుల దానికే నీలిరంగు. ఎరుపు 400 వోల్టులది, దాన్ని తేవద్దు. పిన్నులు ఒకే దిశలో తప్ప దూరవు కాబట్టి ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యే అవకాశం ప్లగ్ దగ్గర ఉండదు. దుమ్ము, నీరు లోపలికి చేరకుండా ఉండే రక్షణను ఐపీ సంఖ్యతో చెబుతారు; మూతతో కలిపి ఐపీ 44 సరిపోతుంది. దుమ్ము ఎక్కువగా ఉండే రోడ్డు పక్క ఇళ్లకు ఐపీ 67 తీసుకోవచ్చు.

సాకెట్‌ను, ఆర్‌సీబీఓను కలిపి ఒకే పెట్టెలో, నేల నుంచి అర మీటరుకూ మీటరున్నరకూ మధ్య ఎత్తులో బిగించండి. పడమర ఎండ నేరుగా తగిలే గోడకు పెట్టవద్దు. ఎంసీబీలు, ఆర్‌సీబీఓలు వేడిని బట్టి పనిచేసేవి. 44 డిగ్రీల ఎండలో మూసిన ఇనుప పెట్టె లోపల వేడి మరింత పెరిగి, లోడు పరిమితికి లోపలే ఉన్నా అవి ముందుగానే పడిపోతాయి. నీడ లేకపోతే పైన ఒక నాపరాయి పలక చూరులా బిగిస్తే చాలు. పెట్టె పెట్టే ముందు బండిని దాని చోట నిలిపి, దాని ఇన్‌లెట్ సాకెట్ ఏ పక్కన ఉందో చూసుకోండి. కేబుల్ తలుపు ముందు నుంచి, మెట్టు కింద నుంచి పోవాల్సిన అవసరం రాకూడదు.

అదే పెట్టెలో వోల్టేజీ హద్దులు దాటితే తెంచే ప్రొటెక్టర్, మెరుపుల కాలానికి ఒక సర్జ్ ప్రొటెక్టర్ (క్షణకాలం ఎగసే వోల్టేజీని అడ్డుకునేది) పెట్టించుకోవాలని గట్టిగా చెబుతాను. త్రీఫేజు లైనులో న్యూట్రల్ వదులైతే ఒక ఇంటికి 140 వోల్టులు, పక్క ఇంటికి 300కు పైగా రావడం జరిగే సంగతే. బండిలోని చార్జరు, ఏసీ బోర్డు ఆ దెబ్బకు నిలవవు.

పరీక్ష

మన దగ్గర ఎక్కువమంది ఎర్తును టెస్టు ల్యాంపుతో చూస్తారు. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి, అది వెలిగితే ఎర్తు బాగుందంటారు. బల్బు వెలిగేటప్పుడు దాని నిరోధం సుమారు 529 ఓములు. ఎర్తు 5 ఓములున్నా, 50 ఓములున్నా ఆ 529 ముందు అది చిన్న భాగమే. రెండు సందర్భాల్లోనూ బల్బు దాదాపు ఒకేలా వెలుగుతుంది. ఎర్తు అసలు లేదని మాత్రమే ఆ పరీక్ష చెప్పగలదు, బాగుందని చెప్పలేదు. ఎర్తు టెస్టర్ ఉన్న కాంట్రాక్టర్ చేత కొలిపించి, ఆ సంఖ్యను తేదీతో సహా పెట్టె తలుపు లోపల రాయించండి. ఆ కొలత వేసవిలో తీయించినదైతేనే విలువైనది. అయిదు ఓములలోపు వస్తే సంతోషించవచ్చు. రాతినేలలో అది రాకపోతే, మొదటి గొట్టం నుంచి దాని పొడవుకు తగ్గని దూరంలో రెండో గొట్టం వేసి కలపాలి.

దానితో పాటు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే పరికరంతో) కేబుల్ ఇన్సులేషన్, సాకెట్ దగ్గర ఫేజు-న్యూట్రల్ స్థానాలు, ఆర్‌సీబీఓ మీది టెస్టు బటన్ పరీక్షించాలి. కొత్త ఆర్‌సీబీఓ లైనులో ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెడితే వెలగకుండా వెంటనే పడిపోతుంది; అది లోపం కాదు, అది చేయాల్సిన పనే.

బండి తగిలించగానే ఆర్‌సీబీఓ పడిపోతే ఏం చేయాలన్నది తరచు వచ్చే ప్రశ్న. దాన్ని తీసేసి మామూలు ఎంసీబీ పెట్టడం అన్నిటికంటే సులువైన, అన్నిటికంటే ప్రమాదకరమైన పరిష్కారం. బండిలోని అన్ని స్విచ్చులూ కట్టేసి, ఒక్కొక్కటే వేసి చూడండి. గీజర్ వేయగానే పడితే దాని ఎలిమెంట్‌ను అనుమానించాలి. మన బోరు నీళ్లలోని ఉప్పుకు ఎలిమెంట్ మీద తెల్లటి పెంకు కట్టి, అది వేడికి పగిలి, లోపలికి తడి చేరుతుంది. అన్నీ కట్టేసినా పడుతుంటే బండిలో న్యూట్రల్, ఎర్తు ఎక్కడో కలిసి ఉన్నాయేమో చూడాలి. బ్యాటరీ ఇన్వర్టర్ ఉన్న బండ్లలో ఇది సాధారణం. ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ఆ రెండూ కలిసి ఉండాలి, బయటి కరెంటు రాగానే విడిపోవాలి. మంచి ఇన్వర్టర్లలో ఈ పనిని లోపలి రిలే చేస్తుంది. స్థానికంగా తయారుచేయించిన బండ్లలో శాశ్వతంగా కలిపేసి ఉండవచ్చు. ఇన్వర్టర్ సరఫరా, ఇంటి సరఫరా ఒకేసారి కలవకుండా రెండు ధ్రువాల చేంజోవర్ స్విచ్ ఉందో లేదో కూడా ఆ సమయంలోనే చూపించుకోండి. అది లేకపోతే ఇంట్లో కరెంటు పోయినప్పుడు బండి ఇన్వర్టర్ కరెంటు వెనక్కి ఇంటి వైర్లలోకి వస్తుంది.

రోజువారీ వాడకం

బండికి తగిలించే కేబుల్ మూడు కోర్ల రబ్బరు తొడుగుది, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, 25 మీటర్లకు మించనిది అయి ఉండాలి. దూరం అయిదు మీటర్లే అయినా చుట్టను పూర్తిగా విప్పి పరచండి. చుట్టలో ఉన్న కేబుల్ వేడి బయటికి పోదు. ఎక్కువ లోడు గంటల తరబడి నడిస్తే లోపలి చుట్లు కరిగి ఒకదానికొకటి అతుక్కోవచ్చు.

తగిలించేటప్పుడు ముందు పెట్టెలో ఆర్‌సీబీఓ కట్టేసి, బండిలోని మెయిన్ స్విచ్ కట్టేసి, కేబుల్‌ను మొదట బండికి, తరువాత పెట్టెకు తగిలించి, చివర ఆర్‌సీబీఓ వేయాలి. తీసేటప్పుడు కూడా ముందు రెండు స్విచ్చులూ కట్టేసి, పెట్టె వైపు తీసి, ఆ తరువాత బండి వైపు తీయాలి. ఈ క్రమంలో ఏ క్షణంలోనూ కరెంటు ఉన్న కేబుల్ చివర నేల మీద పడి ఉండదు. మొదటిసారి కరెంటు ఇచ్చాక, బండిని చేత్తో తాకకముందే టెస్టర్‌తో తలుపు పిడి, మెట్టు చూడండి. పిల్లలున్న ఇంట్లో పెట్టెకు తాళం ఉండాలి.

నెలకొకసారి ఆర్‌సీబీఓ టెస్టు బటన్ నొక్కాలి. మన దుమ్ముకు లోపలి యంత్రం బిగుసుకుపోతే అవసరమైన రోజున అది కదలదు. నొక్కినప్పుడు పడకపోతే అదే రోజు మార్పించండి. మాఘం దాటినప్పటి నుంచి తొలకరి పడే వరకు వారానికి రెండు మూడుసార్లు ఎర్తు గుంతలో రెండు బిందెల నీళ్లు పోయండి. నల్లరేగడి నేలలో గొట్టం చుట్టూ సందు కనిపిస్తే, ముందు మెత్తటి మట్టి, బొగ్గుపొడి కలిపి సందు నింపి, కర్రతో కూరి, ఆ తరువాత నీళ్లు పోయాలి. ఇంటి ఏసీ నుంచి కారే నీటి గొట్టాన్ని ఎర్తు గుంతలోకి మళ్లిస్తే ఈ శ్రమలో కొంత తగ్గుతుంది.

వేసవిలో సాయంత్రం ఉరుములు మొదలైనప్పుడు, బండి ఊరికి వెళ్లినప్పుడు కేబుల్‌ను రెండు వైపులా తీసి లోపల పెట్టండి. సాకెట్ మూత బిగించి, బోర్డు దగ్గరి ఎంసీబీ కూడా కట్టేయండి. చాలా రోజుల తరువాత మళ్లీ తగిలించే ముందు సాకెట్ మూత తీసి టార్చి వేసి చూడాలి. కందిరీగలు మట్టిగూళ్లు కట్టడానికి ఆ మూడు రంధ్రాలు వాటికి ఎంతో అనువైన చోటు.